కుర్చీ ఉంటేనే కేథడ్రల్!

రోమ్ బిషప్ హోదాలో పోప్‌గారికి సొంత కేథడ్రల్ ఒకటుంది. అదేదో చెప్పమంటే చాలామంది తడుముకోకుండా సెయింట్ పీటర్స్ పేరు చెప్పేస్తారు. వాటికన్ అనగానే కళ్లముందు మెదిలేది ఆ పెద్ద గుమ్మటం, దానిముందున్న విశాలమైన ఆవరణే కదా! కానీ ఆ జవాబు తప్పు. సెయింట్ పీటర్స్ అసలు కేథడ్రలే కాదు. పోప్ కేథడ్రల్ వాటికన్ నగరంలోనే లేదు. రోమ్‌లో మరోపక్కనున్న సెయింట్ జాన్ లాటరన్ చర్చికే ఆ హోదా ఉంది. 2025 మే 8న పోప్‌గా ఎన్నికైన లియో 14 అదే నెల 25న లాటరన్‌కు వెళ్లి, అక్కడి ఆసనంమీద కూర్చున్నారు. రోమ్ బిషప్‌గా తన పీఠాన్ని లాంఛనంగా స్వీకరించింది అప్పుడే.

అంతదూరం ఎందుకు, మన మెదక్ చర్చి సంగతే చూడండి. తెల్లని రాతి కట్టడం, 175 అడుగుల గంటగోపురం, రంగురంగుల అద్దాల కిటికీలు... 1924 క్రిస్మస్ రోజున దాని తలుపులు తెరుచుకున్నాయి. ‘మెదక్ కేథడ్రల్’ అని ఈరోజు అందరం పిలుచుకునే ఆ చర్చి మొదటి 23 ఏళ్లపాటు కేథడ్రల్ కానే కాదు. ఆ తర్వాత అయింది. అలాగని గోడలు పెంచిందీ లేదు, గోపురం ఎత్తు చేసిందీ లేదు. మరి ఏం మారింది?

మారింది ఒక్కటే... ఒక కుర్చీ వచ్చింది!

ఆసనమే అసలు అర్థం

గ్రీకు భాషలో ‘కథెద్రా’ అంటే కూర్చునే ఆసనం. లాటిన్‌లోకి ‘కాథెడ్రా’గా వెళ్లింది. బిషప్ ఆసనం ఏ చర్చిలో ఉంటే దాన్ని ‘కేథడ్రల్ చర్చి’ అన్నారు. రానురానూ చర్చి అన్న మాట జారిపోయి కేథడ్రల్ ఒక్కటే మిగిలింది. ఇంగ్లిషులో ‘ఛైర్’ అన్న మాటకూ మూలం ఇదే. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు వచ్చేసరికి అరిగి అరిగి అలా తయారైంది. అంటే, సంఘానికి ఛైర్మన్, కాలేజీలో ప్రొఫెసర్ ఛైర్, కేథడ్రల్... అన్నీ ఒకే చెట్టు కొమ్మలన్నమాట.

ఈ సంగతి అర్థం చేసుకోవడం తెలుగువాళ్లకు ఏమంత కష్టం కాదు. పీఠం అంటే కూర్చునే పీట. అయినా శృంగేరి పీఠం అన్నప్పుడు ఎవరూ చెక్కపీట గురించి ఆలోచించరు. దానిమీద కూర్చునే గురువు, ఆయన బోధన, ఆయన మాట వినే శిష్యులు... ఇవన్నీ కలిసి పీఠం. పీఠాధిపతి ఎక్కడుంటే అదే కేంద్రం. తెలుగు కతోలికులు బిషప్‌ను మేత్రాణి అనీ, ఆయన పరిధిలోని ప్రాంతాన్ని ‘మేత్రాసనం’ అనీ అంటారు. మేత్రాణి ఆసనం... అంతే! ఇంగ్లిషువాళ్లు నిఘంటువు తిరగేస్తేగానీ దొరకని అర్థం మన మాటలో పైకే కనిపిస్తోంది.

అసలు కుర్చీకి ఎందుకంత విలువ? పాతకాలంలో ఆ దేశాల్లో గురువు కూర్చుని చెప్పేవాడు. వినేవాళ్లు నిల్చునో, కింద కూర్చునో వినేవాళ్లు. తొలినాటి చర్చిల్లో బిషప్ కూడా అలాగే ఆసనంమీద కూర్చుని ప్రసంగించేవాడు. కాబట్టి ఆ కుర్చీ హాయిగా చేరగిలబడటానికి వేసింది కాదు... బోధించడానికి. న్యాయమూర్తికి బెంచి ఎలాగో, బిషప్‌కు ఆసనం అలాగ. పోప్ ఒక విశ్వాస విషయాన్ని తిరుగులేని నిర్ణయంగా ప్రకటిస్తే ‘ఎక్స్ కాథెడ్రా’ చెప్పారంటారు. ‘ఆసనం నుంచి’ అని ఆ మాటకు అర్థం.

మరి సెయింట్ పీటర్స్‌లో కుర్చీ లేదా అంటే, అక్కడా ఒకటుంది. పైగా ప్రపంచ ప్రసిద్ధి పొందింది! బెర్నినీ అనే శిల్పి 17వ శతాబ్దంలో కంచుతో చేసిన భారీ సింహాసనం లోపల ఒక పాత చెక్క కుర్చీని భద్రపరిచాడు. అది పీటర్ కూర్చున్న ఆసనమేనన్న నమ్మకం చాలాకాలం ఉండేది. నిజానికి అది 9వ శతాబ్దం నాటిది. ఫ్రాన్సు ప్రాంతాన్నేలిన చార్లెస్ ది బాల్డ్ అనే రాజు పోప్‌కు ఇచ్చిన కానుక. 2024 చివర్లో కొద్ది వారాలు దాన్ని బయటికి తీసి భక్తుల దర్శనానికి ఉంచారు. ఎంత గొప్పదైనా అది స్మారక చిహ్నమే. రోమ్ బిషప్‌గా పోప్ అధికారికంగా కూర్చునే కుర్చీ మాత్రం లాటరన్‌లోనే ఉంది.

ఎత్తూ పొడవూ లెక్క కాదు

పెద్ద చర్చిని కేథడ్రల్ అంటారు అనుకోవడం చాలామందికి అలవాటు. జర్మనీలోని ఉల్మ్ పట్టణంలో ఒక చర్చి ఉంది. శిఖరం ఎత్తు 161 మీటర్ల పైమాటే. 1890లో పూర్తయిన నాటినుంచి 2025 దాకా ప్రపంచంలో అంతకన్నా ఎత్తయిన చర్చి లేదు. అయినా అది కేథడ్రల్ కాదు. ఎందుకంటే అక్కడ బిషప్ పీఠం లేదు. ఆ రికార్డును 2025లో దాటింది బార్సిలోనాలోని సగ్రదా ఫమీలియా. చిత్రమేంటంటే అదీ కేథడ్రల్ కాదు! బార్సిలోనా ఆర్చిబిషప్ కేథడ్రల్ పాత బస్తీలో వేరే ఉంది. పర్యటకులు మాత్రం సగ్రదా ఫమీలియా ముందే బారులు తీరుతుంటారు.

లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ అబే కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 1066 నుంచీ ఇంగ్లండ్ రాజుల పట్టాభిషేకాలు జరుగుతున్నది అక్కడే. ఎనిమిదో హెన్రీ 1540లో దానికి బిషప్‌ను ఇచ్చి కేథడ్రల్ చేశాడు. పదేళ్లకే ఆ పీఠం రద్దయింది. ఆ తర్వాత మొదటి ఎలిజబెత్ హయాంలో అది నేరుగా రాజకుటుంబం అజమాయిషీలోకి వెళ్లింది. లండన్ బిషప్ పీఠం ఉన్నది సెయింట్ పాల్స్‌లో. అబేకి దగ్గర్లోనే వెస్ట్‌మినిస్టర్ కేథడ్రల్ అని మరొకటుంది. అది కతోలికులది. పేర్లు కలిసేసరికి కొత్తగా వెళ్లినవాళ్లు ఒకదాని బదులు మరోదానికి వెళ్తే ఆశ్చర్యం లేదు.

బర్మింగ్‌హామ్‌లో సెయింట్ ఫిలిప్స్ అనే పేట చర్చి ఉండేది. 1715లో ఆరాధన మొదలైంది. 190 ఏళ్లు మామూలు చర్చిగానే ఉంది. 1905లో ఆ నగరానికి బిషప్ వచ్చాడు. ఆ చర్చే కేథడ్రల్ అయిపోయింది. ఉద్యోగికి ప్రమోషన్ వచ్చినట్టు... మనిషి అదే, హోదా వేరు.

దీనికి తిరగబడ్డ కథ స్కాట్లాండులో ఉంది. ఎడింబరోలోని సెయింట్ జైల్స్‌ను అంతా కేథడ్రల్ అనే పిలుస్తారు. కానీ అది ప్రెస్బిటేరియన్లది. వాళ్లకు బిషప్‌లే ఉండరు. 17వ శతాబ్దంలో రాజులు పట్టుబట్టి రెండుసార్లు అక్కడ బిషప్‌ను కూర్చోబెట్టారు. రెండుసార్లూ జనం ఒప్పుకోలేదు. 1689తో బిషప్ శాశ్వతంగా వెళ్లిపోయాడు. పేరు మాత్రం ఉండిపోయింది. మన ఊళ్లలో కోట కూలిపోయినా ‘కోటవీధి’ మిగిలినట్టు!

పేరు ముందొచ్చి హోదా తర్వాత వచ్చిన చర్చి కూడా ఒకటుంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో రాబర్ట్ షుల్లర్ అనే టీవీ ప్రసంగీకుడు పదివేలకు పైగా అద్దాలతో ఒక చర్చి కట్టించి, 1980లో ప్రారంభించాడు. దాన్ని ‘క్రిస్టల్ కేథడ్రల్’ అన్నారు. బిషప్ లేడు, పీఠం లేదు... వినసొంపుగా ఉందని పెట్టుకున్న పేరంతే. 2010లో ఆ సంస్థ దివాలా తీసింది. రెండేళ్లకు ఆరెంజ్ కతోలిక మేత్రాసనం ఆ భవనాన్ని కొనుక్కుంది. లోపలంతా మార్చి, బిషప్ ఆసనం వేసి, 2019లో ప్రతిష్ఠించారు. అలా ఉత్తుత్తి కేథడ్రల్ కాస్తా నిజం కేథడ్రల్ అయింది.

బాసిలికా వేరు... పుణ్యక్షేత్రం వేరు

మరి బాసిలికా అంటే? అది పోప్ ఇచ్చే గౌరవ బిరుదు. చరిత్రనో, భక్తుల ఆదరణనో చూసి ఇస్తారు. దానికీ కుర్చీకీ సంబంధం లేదు. ఈ తేడా కళ్లారా చూడాలంటే గోవా వెళ్లాలి. పాతగోవాలో రోడ్డుకు ఒకవైపు బామ్ జీసస్ బాసిలికా. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్నది అందులోనే. కాబట్టి జనమంతా అటే. రోడ్డుకు రెండోవైపు అంతకన్నా చాలా పెద్ద చర్చి ఒకటి ఉంటుంది. 1562లో మొదలుపెట్టి 1619లో పూర్తిచేసిన దాని పేరు ‘సే’ కేథడ్రల్. పోర్చుగీసులో ‘సే’ అంటే బిషప్ పీఠమనే అర్థం. మూలం లాటిన్‌లో ఆసనాన్ని చెప్పే మాట. 1776లో దాని రెండు గోపురాల్లో ఒకటి కూలిపోతే మళ్లీ కట్టలేదు. అందుకే ఒంటి గోపురంతో కాస్త వెలితిగా కనిపిస్తుంది. అయినా గోవా ఆర్చిబిషప్ పీఠం అక్కడే.

మన దగ్గరా అంతే. సికింద్రాబాద్‌లోని సెయింట్ మేరీస్ చర్చికి 2008లో బాసిలికా హోదా వచ్చింది. కానీ హైదరాబాద్ ఆర్చిబిషప్ కేథడ్రల్ మాత్రం గన్‌ఫౌండ్రీలోని సెయింట్ జోసెఫ్స్. విజయవాడలో గుణదల మాత ఉత్సవాలకు ఏటా ఫిబ్రవరిలో లక్షలమంది కొండెక్కుతారు. అది పుణ్యక్షేత్రం. విజయవాడ మేత్రాణి ఆసనం ఉన్నది సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో. రెండు హోదాలూ ఉన్న చర్చిలూ లేకపోలేదు. చెన్నైలోని శాంథోమ్ కేథడ్రలూ అవుతుంది, బాసిలికా కూడా.

అసలు బిషప్ వ్యవస్థే లేని సంఘాలకు కేథడ్రల్ ప్రసక్తే రాదు. ఒంగోలు, నెల్లూరు ప్రాంతాల్లో బలంగా వేళ్లూనుకున్న బాప్టిస్టులకు చరిత్రాత్మకమైన చర్చిలున్నాయి. వాళ్లలో ప్రతి సంఘమూ తన వ్యవహారాలు తనే చూసుకుంటుంది. పైన ఆసనమేసి ఒకరిని కూర్చోబెట్టడం వాళ్ల పద్ధతి కాదు. అది లోటూ కాదు.

డోర్నకల్‌లో మనిషి ముందొచ్చాడు

ఇక మన నేలమీద కుర్చీ కథలోకి వద్దాం. కాజీపేట నుంచి విజయవాడ వెళ్లే రైలు మార్గంలో డోర్నకల్ జంక్షన్ వస్తుంది. ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న ఈ ఊరు ఒకప్పుడు నిజాం రాజ్యంలోది. 1909లో వేదనాయగం శామ్యూల్ అజరయ్య అనే తమిళుడు మిషనరీగా ఇక్కడికొచ్చాడు. ఆయన స్వస్థలం తిరునల్వేలి ప్రాంతం. ఆయన్ని పంపింది తెల్లదొరలు కాదు, తిరునల్వేలి క్రైస్తవులే సొంతంగా పెట్టుకున్న మిషనరీ సంఘం. వచ్చాక తెలుగు నేర్చుకున్నాడు. ఎద్దుబండి కట్టుకుని పల్లెలు తిరిగాడు.

మరుసటేడు ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సదస్సులో ఆయనకు మాట్లాడే అవకాశం వచ్చింది. మిషనరీలు ఎన్నో త్యాగాలు చేశారని మెచ్చుకుంటూనే, భారతీయులను సాటిమనుషులుగా, స్నేహితులుగా చూడటం లేదని నిండు సభలో కుండబద్దలు కొట్టాడు. కొందరికి అది మింగుడుపడలేదు.

ఆ తర్వాత రెండేళ్లకు, 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కేథడ్రల్‌లో అజరయ్య డోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ చర్చిలో ఆ పదవి అందుకున్న తొలి భారతీయుడు ఆయనే. అంత తేలిగ్గా ఏం జరగలేదు. ఒక నల్లవాడి కింద తెల్ల పాదిరీలు పనిచేయడమా అన్న ప్రశ్న లేచింది. స్వదేశీ క్రైస్తవుల్లోనూ వ్యతిరేకించినవాళ్లున్నారు. మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ గట్టిగా నిలబడటంతో పని అయింది. ఒక ఆసనంమీద ఎవరు కూర్చోవాలన్నది చెక్క, మేకుల వ్యవహారం కాదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. 1945 జనవరి 1న డోర్నకల్‌లో కన్నుమూసేవరకూ ఆయన ఆ పదవిలోనే ఉన్నాడు. అన్నేళ్లలో ఆంగ్లికన్ చర్చి మరే మేత్రాసనాన్నీ ఇంకో భారతీయుడి చేతిలో పెట్టలేదు. ఇల్లలకగానే పండగ కాదన్నది ఇందుకే.

బిషప్ వచ్చాడుగానీ ఆయన హోదాకు తగ్గ చర్చి లేదు. డోర్నకల్ కేథడ్రల్ పూర్తయి ప్రతిష్ఠ జరిగేసరికి 1939 జనవరి 6 వచ్చింది. అంటే కుర్చీ తర్వాత 26 ఏళ్లకు గోడలు వచ్చాయి! ఆ గోడలైనా ఇంగ్లండు నుంచి నకలు తెచ్చినవి కావు. హిందూ ఆలయాల పోకడలనూ, ముస్లిం కట్టడాల పోకడలనూ కలుపుకుని కట్టించాడు అజరయ్య. ఈ దేశంలో క్రైస్తవుడు ఈ దేశపు మనిషిలాగే ప్రార్థన చేసుకోవాలన్నది ఆయన పట్టుదల. గుమ్మటాలు, స్తంభాలు ఉన్న ఆ కట్టడాన్ని దూరం నుంచి చూస్తే ఏ మతానిదో చప్పున చెప్పడం కష్టం.

మెదక్‌లో గోడలు ముందు లేచాయి

మెదక్‌లో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే ఇంగ్లిషు పాదిరీ 1890ల చివర్లో మెదక్ చేరుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ ప్రాంతాన్ని కరవు పట్టుకుంది. తిండిగింజల్లేక జనం అల్లాడుతుంటే ఊరికే గంజి పోయడం కన్నా పని కల్పించి తిండి పెట్టడం మేలనుకున్నాడు. 1914లో మొదలైన చర్చి నిర్మాణం పదేళ్లు సాగింది. రాళ్లు మోసినవాళ్లూ, చెక్కినవాళ్లూ, సున్నం కలిపినవాళ్లూ ఆ చుట్టుపక్కల పల్లెల జనమే. అందుకే మెదక్ చర్చిని ‘ఆకలి తీర్చిన చర్చి’గా ఇప్పటికీ చెప్పుకుంటారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. ఒకేసారి అయిదువేలమంది పడతారు. నేలమీద పరిచిన పలకలు బ్రిటన్‌నుంచి ఓడల్లో వచ్చాయి. క్రీస్తు పుట్టుక, సిలువ మరణం, ఆరోహణ ఘట్టాలున్న మూడు అద్దాల కిటికీలను ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే బ్రిటిష్ చిత్రకారుడు రూపొందించాడు.

ఇంత పెద్ద చర్చి కట్టిన పోస్నెట్ బిషప్ కాదు. అవ్వాలనుకున్నా కుదరదు. ఎందుకంటే ఆయన వెస్లియన్ మెథడిస్టు. బ్రిటన్ మెథడిస్టుల్లో బిషప్‌లు ఉండరు. పాదిరీలంతా సభలో కూర్చుని నిర్ణయాలు చేసుకుంటారు. బిషప్ లేడు గనుక ఆసనం లేదు. ఆసనం లేదు గనుక అది కేథడ్రల్ కాదు. లెక్క అంతే. ‘వాటికన్ తర్వాత అంతటిది’ అని మెదక్ గురించి గొప్పగా చెప్పుకోవడం మనకు అలవాటే. ఆ పోలికలో చిన్న తిరకాసుంది. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్‌ కేథడ్రల్ కాదు, మెదక్ అవును!

కుర్చీ కోసం 28 ఏళ్ల చర్చ

మరి బిషప్‌లే లేని మెథడిస్టుల చర్చిలోకి బిషప్ కుర్చీ ఎలా వచ్చింది? దీనికి జవాబు తమిళనాడులోని తరంగంబాడిలో మొదలవుతుంది. 1919 మేలో వివిధ సంఘాల పాదిరీలు కొందరు అక్కడ సమావేశమయ్యారు. వాళ్లలో ఎక్కువమంది భారతీయులే. ముందు నిలిచినవాళ్లలో డోర్నకల్ బిషప్ అజరయ్య ఒకరు. ‘ఇంగ్లండులో ఎవరికో ఎవరితోనో పొసగక విడిపోతే ఆ గోడలు మన ఊళ్లలో ఎందుకు? ఒకే ఊళ్లో, ఒకే దేవుణ్ని కొలిచేవాళ్లు ఒకే బల్ల దగ్గర ప్రభురాత్రి భోజనం తీసుకోలేకపోవడమేంటి?’ అన్నది వాళ్ల ఆవేదన. అందరం ఒకే చర్చిగా కలిసిపోదామనుకున్నారు.

అనుకున్నంత సులభంగా కాలేదు. చిక్కుముడి పడింది సరిగ్గా కుర్చీ దగ్గరే! బిషప్ లేకుండా చర్చి ఉండదన్నది ఆంగ్లికన్ల మాట. అపొస్తలుల కాలంనుంచి చేతులుంచి ప్రార్థిస్తూ ఒకరి తర్వాత ఒకరికి అందుతూ వస్తున్న పరంపర అదని వాళ్ల నమ్మకం. బిషప్ అంటే పెత్తనమనీ, మేం నిన్నటిదాకా బిషప్ చేతులు పడని పాదిరీలమే కదా, మా సేవ చెల్లదా అనీ మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు అడిగారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. పెళ్లిచూపులు అయ్యాక కట్నకానుకల దగ్గర ఆగిపోయిన సంబంధంలా ఏళ్లకేళ్లు సాగింది. కాగితాలమీద కాగితాలు మారాయి. మొదలుపెట్టినవాళ్లలో కొందరు మధ్యలోనే పోయారు. అజరయ్య కూడా ఫలితం చూడకుండానే వెళ్లిపోయాడు.

చివరికి దారి దొరికింది. బిషప్‌లు ఉంటారు... కానీ ఏకఛత్రాధిపత్యం ఉండదు. సంఘాల ప్రతినిధులతో కూడిన సభ ఉంటుంది. అప్పటికే పాదిరీలుగా ఉన్నవాళ్లను మళ్లీ అభిషేకించాల్సిన పనిలేదు, అందరూ సమానమే. ఇకముందు కొత్తగా వచ్చేవాళ్లను మాత్రం బిషప్‌లు అభిషేకిస్తారు. అలా 1947 సెప్టెంబరు 27న, దేశానికి స్వాతంత్య్రం వచ్చిన ఆరు వారాలకు, మద్రాసులోని సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లో ‘చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా’ పుట్టింది. మనం సీఎస్ఐ అంటున్నది దాన్నే. బిషప్‌లున్న సంఘమూ, లేని సంఘాలూ ఇలా ఒక్కటి కావడం అంతకుముందెన్నడూ లేదు. ప్రపంచమంతా ఇటు తిరిగి చూసింది.

మెదక్ ఆ కొత్త చర్చిలో ఒక అధ్యక్ష ఖండమైంది. ఫ్రాంక్ విటేకర్ తొలి బిషప్‌గా వచ్చారు. బిషప్ వచ్చాక ఆసనం వచ్చింది. పోస్నెట్ కట్టిన చర్చి ఆ క్షణం నుంచి కేథడ్రల్. డోర్నకల్ కూడా అదే సీఎస్ఐలో మరో అధ్యక్ష ఖండం. అక్కడ మనిషి ముందు, గోడలు తర్వాత. ఇక్కడ గోడలు ముందు, మనిషి తర్వాత. వేర్వేరు దారుల్లో వచ్చిన రెండు చర్చిలు 1947లో ఒకే గూటికి చేరాయి.

ఇందులో మరో ముచ్చటైన సంగతి ఉంది. సీఎస్ఐ సంప్రదాయంలో మెదక్ ‘యొక్క’ బిషప్ అనరు. మెదక్ ‘లో’ బిషప్ అంటారు. ఊరికి అధిపతి కాదు, ఊళ్లో ఉన్న సేవకుడన్న భావం అది. 28 ఏళ్ల చర్చ ఊరికే పోలేదు మరి!

అక్కడేం జరుగుతుంది?

ఆదివారం ఆరాధన, పెళ్లిళ్లు, బాప్తిస్మాలు ఏ చర్చిలోనైనా జరుగుతాయి. కేథడ్రల్‌లో మాత్రమే చూడదగ్గవి కొన్నుంటాయి. కొత్త బిషప్‌ను ఆసనంమీద కూర్చోబెట్టే వేడుక ముఖ్యమైంది. కొత్త పాదిరీల అభిషేకాలు ఎక్కువగా ఇక్కడే. కతోలిక కేథడ్రల్‌లో అయితే ఈస్టరుకు ముందు వారంలో మేత్రాణి తన గురువులందరినీ పిలిచి నూనెలను ఆశీర్వదిస్తారు. ఏడాది పొడవునా బాప్తిస్మాలకూ, రోగుల ప్రార్థనలకూ వాడేది ఆ నూనెలే. మారుమూల పల్లెలో జబ్బుపడ్డ ముసలమ్మ నుదుటిమీద గురువు రాసే నూనె కేథడ్రల్‌నుంచి వచ్చిందే. తల్లి ఇంటినుంచి సారె వెళ్లినట్టు! కేథడ్రల్‌ను ‘తల్లి చర్చి’ అనేది ఇందుకే.

బిషప్ పదవీవిరమణ చేసినా, చనిపోయినా ఆసనం ఖాళీగా ఉంటుంది. ఇంకొకరెవరూ అందులో కూర్చోరు. అయినంతమాత్రాన అది కేథడ్రల్ కాకుండా పోదు. ఆసనం వ్యక్తిది కాదు, బాధ్యతది. మనిషి మారతాడు, పీఠం నిలుస్తుంది. కానీ ఆ పీఠాన్నే మరో చర్చికి మారిస్తే పాతది మామూలు చర్చి అయిపోతుంది, అది ఎంత అందమైనదైనా సరే. ప్యారిస్‌లోని నోత్రదామ్ 2019 ఏప్రిల్‌లో మంటల్లో చిక్కుకుంది. పైకప్పు కూలింది. అయిదేళ్లకు పైగా తలుపులు మూసేశారు. 2024 డిసెంబరులో మళ్లీ తెరిచేదాకా అందులో సాధారణ ఆరాధనలు లేవు. అయినా ఆ కాలమంతా ప్యారిస్ కేథడ్రల్ అదే! కప్పు కాలిపోయినా హోదా కాలిపోలేదు.

మెదక్ చర్చి 2024 డిసెంబరులో వందేళ్ల పండగ చేసుకుంది. క్రిస్మస్ సెలవుల్లో పిల్లల్ని తీసుకుని వెళ్తే అందరి చూపూ ముందు గోపురంమీద, తర్వాత అద్దాల కిటికీలమీద పడుతుంది. చూడాల్సినవే. ఎండ పడ్డప్పుడు ఆ రంగుల అందమే వేరు. అవి చూశాక ఒక్క నిమిషం బలిపీఠం వైపు నడిచి, బిషప్ కూర్చునే కుర్చీ ఎక్కడుందో పిల్లల్నే వెతకమనండి. గోపురానికి పదేళ్లు పట్టింది. అక్కడ ఆ కుర్చీ వేయడానికి మాత్రం తరంగంబాడి నుంచి మద్రాసు దాకా 28 ఏళ్లు కూర్చుని మాట్లాడుకోవాల్సి వచ్చింది.